డిస్కులో తెగిపోవు పేర్లు

వస్తువు పోవుట యొక నష్టము. వస్తువు చేతిలో నుండగనే దాని పేరు పోవుట వేరొక నష్టము. మొదటిదానిని వెంటనే గుర్తింతుము. రెండవది చాలకాలమునకు గాని తెలియదు. మన పాఠశాల వార్షికోత్సవముల చిత్రములు, పిల్లల పద్యపఠనములు, ఇండ్లలో అవ్వలు పాడిన లాలిపాటలు, గొబ్బిపాటలు, పెండ్లిపాటలు నేడు కంప్యూటరులో ఫైళ్ళుగా నిలిచియున్నవి. వానిని సి.డి.ల మీదను, డి.వి.డి.ల మీదను వ్రాయించి బీరువాలో దాచుకొన్న కుటుంబములు మనలో అనేకము గలవు. అట్టి డిస్కులలో పాట చెడకయే పేరు మాత్రము తెగిపోవుట తరచుగా కానవచ్చుచున్నది. దీనికి కారణమేమి, నివారణోపాయమేమి యను విషయమును తల్లిదండ్రులకు తెలియజెప్పుటయే మా ఉద్దేశము.

పేరు తెగినంత మాత్రమున పాటకు వచ్చిన లోపమేమి యని కొందరడుగవచ్చును. తెలుగునాట నున్నవారికి ఒక పాట ఎవరిదో, ఏ సందర్భమున పాడుదురో తెలియకున్నచో పొరుగింటివారి నడిగి తెలిసికొనుటకు వీలు గలదు. తరతరములుగా ఈ తమిళసీమలో స్థిరపడిన మనకు ఆ వీలు తక్కువ. ఒక్కొక్క పాటను ఎరిగినవారు ఒకరో ఇద్దరో మిగిలియుందురు. వారి గొంతు డిస్కులో నున్నను, పాడినవారి పేరు, ఊరి పేరు, పాట సందర్భము చెరిగిపోయినచో మన మనుమలకది ఎవరిదో తెలియని గొంతుగనే మిగులును. కావున ఇది యంత్రమునకు సంబంధించిన చిన్న సంగతి మాత్రమే కాదు.

ఇట్టి డిస్కొకటి మా యొద్దకు వచ్చినది. ఒక తల్లి పట్టణమందలి ఫోటో దుకాణములో దానిని వ్రాయించినది. తెరచి చూడగా వరుసగా పండ్రెండు ఫైళ్ళు. పండ్రెండింటికి మొదటి మాటలన్నియు ఒక్కటే. తుదిని మాత్రము ఒకటి, రెండు, మూడు అను అంకెలు. అందులో తన కుమార్తె పద్యము ఏదియో తెలిసికొనుటకు ఆమె పండ్రెండింటిని మొదటినుండి వినవలసి వచ్చినది. తప్పు దుకాణదారునిదని అనుటకు వీలులేదు. అతడు ఇచ్చిన ఫైళ్ళను ఇచ్చినట్లే వ్రాసినాడు. పేర్లను తెంచినది డిస్కు నియమము.

ఆ నియమమును గ్రహించుటకు డిస్కు నొక పుస్తకముగా భావింతము. పుస్తకమున విషయము వేరు, విషయసూచిక వేరు. డిస్కునందును అంతియే. పాట యొక చోట నుండును. దాని పేరు, పరిమాణము, అది డిస్కులో మొదలగు స్థానము వేరొక పట్టికలో వ్రాయబడును. కంప్యూటరు మొదట పట్టికను చదివి, పిదప పాటకడకు పోవును. సి.డి. మీద సుమారు 700 మెగాబైట్ల చోటు గలదు. గంటకు పైగా సంగీతము దానిలో పట్టును. కాని పట్టికలోని పేరుగడికి మాత్రము కొలత ముందే నిర్ణయింపబడినది. ఇంత పెద్ద డిస్కులో పేరు నాలుగు మాటలు పొడుగైన నేమి యని మనకు తోచుట సహజమే. చోటు ఎంత యున్నను గడి పెరుగదు.

ఈ కొలత యెట్లు వచ్చినదో కొంచెము చరిత్ర చూతము. సి.డి.ని కంప్యూటరు సమాచారమునకు వాడుట మొదలైన దినములలో ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క తీరున పట్టిక వ్రాయుచుండెను. ఒకరి డిస్కును మరియొకరి యంత్రము చదువలేకపోయెను. 1985లో అమెరికాలోని టాహో సరస్సు సమీపమున హై సియెర్రా అను హోటలులో ఆయా సంస్థల ప్రతినిధులు సమావేశమై ఉమ్మడి పద్ధతిని ఆలోచించిరి. దానినుండి వెలసినదే 1988లో అంతర్జాతీయ ప్రమాణముగా ప్రకటింపబడిన ‘ఐ.ఎస్.ఓ. 9660’. అన్ని యంత్రములు చదువవలెననినచో వానిలో మిక్కిలి అల్పశక్తి గలదానికి తగినట్లు నియమము నుంచవలెను గదా. ఆనాటి డాస్ యంత్రములలో ఫైలు పేరునకు ఎనిమిది అక్షరములు, ఒక చుక్క, చుక్క వెనుక మూడక్షరముల తోక మాత్రమే చెల్లుచుండెను. అందుచేత ఈ ప్రమాణపు మొదటి మెట్టులో ఆ కొలతనే ఉంచిరి. రెండవ మెట్టులో 31 వరకు పెంచిరి. చెల్లు గుర్తులు మాత్రము ఆంగ్లపు పెద్ద అక్షరములు, అంకెలు, అడుగు గీత, అంతే. ఫోల్డరులో ఫోల్డరు పెట్టుకొంటూ పోవుటకును ఎనిమిది అంతస్తులకు మించరాదని కట్టడి చేసిరి. ఈ పట్టికలో తెలుగునకు స్థానమే లేదు. మన భాషకే కాదు, ఆంగ్లేతర లిపులు వేనికిని లేదు.

తరువాత దీనికి సవరణలు వచ్చినవి. యూనిక్స్ యంత్రములవారు ‘రాక్ రిడ్జ్’ అను అనుబంధమును కల్పించుకొనిరి. అందు పేరు 255 బైట్ల వరకు సాగును. 1995లో మైక్రోసాఫ్ట్ సంస్థ ‘జోలియట్’ అను రెండవ పట్టికను ప్రవేశపెట్టినది. ఇది యూనికోడ్ లిపిసంకేతములను అంగీకరించును గనుక తెలుగు పేరు తెలుగులోనే వ్రాయవచ్చును. కాని తోకతో కలిపి 64 స్థానములకు మించరాదు. ఆ యేడే ‘యు.డి.ఎఫ్.’ అను వేరొక పద్ధతి వెలువడినది, డి.వి.డి.లలో దీని వాడుక విస్తారము. ఇందు పేరుగడి 255 బైట్లు. ఆంగ్లములో వ్రాసినచో 254 స్థానములు, తెలుగులో వ్రాసినచో 127 స్థానములు లభించును.

ఒకే డిస్కు మీద ఈ పట్టికలలో రెండో మూడో పక్కపక్కన ఉండవచ్చునన్న సంగతి తల్లిదండ్రులు గుర్తింపవలెను. పాట ఒక్కసారియే వ్రాయబడును; దాని పేరు మాత్రము ఒక్కొక్క పట్టికలో ఒక్కొక్క రూపమున నుండును. ఇది మనకు వింత గాదు. మన బిడ్డకు ఇంటిలో నొక ముద్దుపేరు, బడి హాజరుపట్టీలో నొక పేరు ఉండును. తమిళనాట చాల ఇండ్లలో ఇంటిపేరు పెండ్లిపత్రికలో వినబడునే గాని, బడి పట్టికలో తండ్రి పేరిటి పొడి అక్షరము మాత్రమే నిలిచినది. బిడ్డ యొక్కటే, చదువువారిని బట్టి పేరు మారుచున్నది. అట్లే విండోస్ యంత్రము జోలియట్ పట్టికను చదువును, రాక్ రిడ్జ్‌ను చదువదు. లినక్స్ యంత్రము రాక్ రిడ్జ్ ఉన్నచో దానినే మొదట ఎన్నుకొనును. మిక్కిలి పాత యంత్రము మొదటి పట్టికను మాత్రమే చూడగలదు. కావుననే ఒకరి యింట పూర్తిగా కనబడిన పేరు మరియొకరి యింట తెగి కనబడుట సంభవించును.

ఇక 64 స్థానములనగా ఎన్ని తెలుగు అక్షరములు? ఇచ్చటనే చాలమంది పొరబడుదురు. మనము పలుకు అక్షరము వేరు, యంత్రము లెక్కించు స్థానము వేరు. యంత్రమునకు ‘క’ ఒక స్థానము. తలకట్టునకు వేరుగా లెక్క లేదు. ‘కా’ అనగా అక్షరమొకటి, దీర్ఘమొకటి, మొత్తము రెండు. ‘క్క’ అనునప్పుడు మొదటి కకారము, పొల్లు, రెండవ కకారము కలిసి మూడు. అనగా ఒక్కొక్క ఒత్తునకు రెండు స్థానములు వ్యయమగును. సున్నకు ఒకటి. ఈ లెక్కన ‘శ్రీ’కి నాలుగు, ‘స్త్రీ’కి ఆరు. ‘శ్రీకృష్ణదేవరాయ’ అను పేరు నోటికి ఏడక్షరములే యైనను యంత్రమునకు 15 స్థానములు. స్థూలముగా పలుకు అక్షరములను రెట్టింపు చేసినచో స్థానముల సంఖ్య దాదాపుగా వచ్చును. ఒత్తులు హెచ్చుగా నున్న మాటలలో ఇంకను పెరుగును.

దీనిని చూచి తెలుగులో వ్రాసినందుననే నష్టము కలుగుచున్నదని తలపరాదు. అదే శ్రీకృష్ణదేవరాయ శబ్దమును ఆంగ్లలిపిలో వ్రాసినచో సాధారణముగా 18 అక్షరములు పట్టును. ‘కోలాటము’నకు తెలుగులో 7, ఆంగ్లలిపిలో 8. జోలియట్ పట్టికలో మన లిపి ఆంగ్లమునకు తీసిపోలేదు. ఒక్కొక్కసారి పొదుపరి కూడ. స్థానములను గాక బైట్లను లెక్కించు చోట్ల మాత్రము తెలుగునకు హెచ్చు ఖర్చు. యు.టి.ఎఫ్.-8 అను సంకేతపద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు, తెలుగు గుర్తునకు మూడు బైట్లు. అందుచేత రాక్ రిడ్జ్‌లోని 255 బైట్లలో తెలుగు గుర్తులు 85 మాత్రమే ఇముడును. పిల్లలను తెలుగు విడిచి ఆంగ్లమున పేర్లు పెట్టుమనుటకు ఇది కారణము కాజాలదు. పేరును తగిన కొలతలో కూర్చుట నేర్పిన చాలును.

ఇప్పుడొక ఉదాహరణము తీసికొందము. ‘భాషాసంఘ పాఠశాల 2024 వార్షికోత్సవము రెండవ భాగము నాలుగవ తరగతి బాలికల కోలాటము’ అని యొక ఫైలునకు పేరు పెట్టితిమనుకొందము. చదువుటకు చక్కగనే యున్నది. మాటల నడుమ ఖాళీలతో కూడ లెక్కించిన 74 స్థానములు. చుక్కయు మూడక్షరముల తోకయు చేరిన 78. జోలియట్ హద్దు 64. పెక్కు ప్రోగ్రాములు తోకను ఉంచి పేరును తెంచును. కావున పేరునకు మిగులునవి 60 స్థానములు. అరువదవ స్థానము సరిగా ‘నాలుగవ తరగతి’ వెనుకనున్న ఖాళీ. ‘బాలికల కోలాటము’ అను ముఖ్యమైన మాటలు రెండును పోయినవి. పక్కనున్న ఫైలు ‘నాలుగవ తరగతి బాలుర పద్యపఠనము’ అయినచో దాని పేరును అచ్చటనే తెగి, రెండును ఒకటే యగును. ఒకే ఫోల్డరులో ఒకే పేరుతో రెండు ఫైళ్ళుండరాదు గనుక ప్రోగ్రాము తనకు తోచిన అంకెను చివర తగిలించును. పైని చెప్పిన పండ్రెండు ఫైళ్ళకు కలిగిన గతి ఇదియే. తెగుట యెప్పుడును చివరనే తెగును. మనము ముఖ్యమైన మాటను చివరనే పెట్టుదుము. తెలుగు వాక్యమున క్రియ చివర నుండుట మనకలవాటు. ఫైలు పేరున ఆ అలవాటు పనికిరాదు.

అదే పేరును ఇట్లు మార్చిచూతము. అన్ని ఫైళ్ళకు ఉమ్మడియైన మాటలను ఫోల్డరునకు ఇచ్చి, దానిని ‘వార్షికోత్సవము 2024’ అందము. లోపలి ఫైలునకు ‘07 కోలాటము నాలుగవ తరగతి బాలికలు’ అని పేరు పెట్టుదము. తోకతో కలిపి 35 స్థానములు. ఏ విషయమును పోలేదు. హద్దులో సగమునకు కొంచెము మించి మాత్రమే వాడుకొంటిమి. ఒకవేళ ఏ యంత్రమైన దీనిని తెంచినను ముందున్న ‘07 కోలాటము’ నిలుచును. అంకెకు ముందు సున్న ఏల యనగా, సున్న లేనిచో కొన్ని యంత్రములు 10ని 2కు ముందు నిలుపును. కార్యక్రమ వరుస తారుమారగును.

పేరు చెడిన తీరును బట్టి వ్యాధిని గుర్తించుటయు నేర్వదగినది. పేరు స్థానమున ఖాళీ గళ్ళు కనబడినచో సాధారణముగా అక్షరములు క్షేమముగనే యున్నవి. ఆ యంత్రములో తెలుగు ఫాంటు లేదు, అంతే. వేరొక యంత్రమున పెట్టిచూడవలెను. ప్రశ్నార్థకపు గుర్తులో అడుగు గీతలో వరుసగా కనబడినచో, ఆ పట్టికలో తెలుగు అక్షరములకు బదులు అవియే వ్రాయబడియుండవచ్చును. వేరు పట్టిక లేనిచో ఆ పేరు తిరిగి రాదు. పేరు బాగుగనే యుండి చివర ఒత్తు లేని పొల్లక్షరమో, సగము మాటయో యున్నచో అది కొలతకు తెగినది.

ఇక పాటింపవలసిన పద్ధతులను చెప్పుదుము. మొదటిది, పేరును ఇరువదియైదు పలుకు అక్షరములకు లోపల నుంచుడు. ఒత్తులు మిక్కిలి హెచ్చైనచో ఇంకను తగ్గించుడు. రెండవది, ఏ మాట వలన ఈ ఫైలు తక్కిన ఫైళ్ళనుండి వేరుపడుచున్నదో ఆ మాటను ముందుంచుడు. మూడవది, పేరులో ప్రశ్నార్థకము, నక్షత్రపు గుర్తు, జంట చుక్కలు, ఏటవాలు గీతలు, ఉల్లేఖన చిహ్నములు వాడకుడు. విండోస్ యంత్రములు వానిని పేర్లలో అంగీకరింపవు. నాలుగవది, ఫోల్డరులో ఫోల్డరు రెండు మూడంతస్తులకు మించనీయకుడు. డిస్కునుండి తిరిగి కంప్యూటరులోనికి ఎక్కించునప్పుడు, ఫోల్డరుల పేర్లన్నియు ఫైలు పేరుతో కలిపి విండోస్‌లో సాధారణముగా 260 స్థానములకు లోబడవలెను. డిస్కులో ఇమిడిన పేరు ఇంటి యంత్రములో ఇమడకపోవుటకు ఇదియొక కారణము. ఐదవది, కారులోని యంత్రములోనో పాత ప్లేయరులోనో వినుటకు ఉద్దేశించిన డిస్కునకు, ఎనిమిదికి మించని ఆంగ్లాక్షరములతోను అంకెలతోను పేరు పెట్టుట క్షేమము. అట్టి డిస్కు వినుటకే గాని దాచుటకు గాదని ఎరుగవలెను.

పేరును ఎంత కుదించినను చెప్పదగిన సంగతులు మిగిలియే యుండును. పాడినవారెవరు, వారి వయస్సెంత, ఏ ఊరివారు, ఎవరియొద్ద నేర్చిరి, ఏ సమయమున పాడుదురు, ఏ తేదీన ఎవరు రికార్డు చేసిరి, ఇవన్నియు పేరులో ఇమడవు. ఇముడ్ప యత్నింపనక్కరయు లేదు. పేరునకు హద్దు గలదు గాని ఫైలులోపలి వ్రాతకు ఆ హద్దు లేదు. కావున ప్రతి డిస్కులోను ‘00 పట్టిక’ అను పేరుతో నొక సామాన్య వ్రాతఫైలు నుంచి, అందు 01, 02, 03 అను వరుసను ప్రతి పాట వివరములను పూర్తిగా తెలుగులో వ్రాయవలెను. దానిని యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో భద్రపరచినచో అక్షరములు చెడవు. దానినే కాగితము మీద అచ్చొత్తి డిస్కు పెట్టెలో మడిచి పెట్టవలెను. డిస్కులోని పేర్లన్నియు తెగిపోయినను వరుస అంకె మిగిలినచో, ఈ కాగితము తక్కినదంతయు చెప్పగలదు. మేము ఇన్ని మాటలలో చెప్పినదానిలో ఈ యొక్క సంగతిని జ్ఞాపకముంచుకొన్నను మా శ్రమ ఫలించినట్లే.

వ్రాయుటకు ముందు పరీక్షించుట మరువరాదు. ఒక్కసారి వ్రాయుటకైన డిస్కు తాటాకు మీద గంటముతో గీచిన వ్రాత వంటిది. దానిలోని పేరును పిదప దిద్ద వీలులేదు. డిస్కు వ్రాయు ప్రోగ్రాములలో చాలవరకు మొదట ‘ఇమేజి’ అనబడు నకలు ఫైలును తయారుచేయు సౌకర్యముండును. దానిని తెరచి పేర్లు సరిగానున్నవో లేవో చూచి, ఆ పిమ్మట డిస్కు మీద వ్రాయవలెను. పేర్లు పొడుగైనవని ప్రోగ్రాము హెచ్చరించినచో ‘సరే’ అని దాటిపోక ఆగి చదువవలెను. దుకాణములో వ్రాయించువారు జోలియట్ గాని, యు.డి.ఎఫ్. గాని ఉండునట్లు వ్రాయుమని ముందే అడుగవలెను. వ్రాసిన పిదప వేరొక యంత్రమున పెట్టి, ఫైళ్ళ సంఖ్యను సరిచూచి, మొదట, నడుమ, తుద నున్న ఫైళ్ళను తెరచి వినవలెను.

ఇంకొక సంగతి. క్రొత్త ల్యాప్‌టాపులలో డిస్కు పెట్టు సొరుగు నేడు చాలవరకు లేదు. కావున డిస్కును నమ్మి మూలమును చెరిపివేయరాదు. హార్డ్ డిస్కు మీద గాని పెన్‌డ్రైవు మీద గాని వేరొక నకలు ఉంచవలెను. పాత డిస్కులున్నవారు, ఇంటిలోనో పొరుగునో డిస్కు చదువు యంత్రమున్నప్పుడే వానిలోనివి తీసి, పేర్లను సరిదిద్ది, పట్టికను వ్రాసికొనుట మంచిది. పేర్లు తెగిన డిస్కుల విషయమున ఆలస్యము పనికిరాదు. ఆ పాట ఎవరిదో విని చెప్పగల పెద్దలు మన నడుమ నున్నప్పుడే అడిగి వ్రాసికొనవలెను.

ఈ పనిలో పిల్లలను చేర్చుకొనవలసినదిగా తల్లిదండ్రులను కోరుచున్నాము. అవ్వ యెదుట కూర్చుండి, పాటను వినిపించి, ఆమె చెప్పిన వివరములను తెలుగులో పట్టికగా వ్రాయుట నాలుగవ తరగతి బిడ్డకు మించిన పని గాదు. స్థానములను లెక్కించుటలో ఒత్తులు, గుణింతపు గుర్తులు వానికి మరల అలవడును. ఇంట పాత డిస్కులున్నవారు రాబోవు వార్షికోత్సవమునకు లోపల వానిని తెరచి చూచి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క పట్టిక సిద్ధము చేయుదురు గాక.